చదువునకు ధనమెచ్చటిది?



వేసవి కడచి పరీక్షల ఫలితములు వెలువడిన నాటి నుండి మన పల్లెలలో రచ్చబండల యొద్ద ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. పిల్లవానికి కళాశాలలో చోటు దొరకినది. ధనమెచ్చటి నుండి తేవలెను? పొలమమ్మవలెనా, ఇంటనున్న బంగారమును తాకట్టు పెట్టవలెనా, బాంకిని అడుగవలెనా, ప్రభుత్వమిచ్చు వేతనమునకై వేచియుండవలెనా? ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రమించిన నన్ను ఈ ప్రశ్న అడుగని వేసవి లేదు. నేను సంస్కృతాంధ్రములు చదువుకొన్నవాడను గాని బాంకి పద్దులు వ్రాసినవాడను గాను. అయినను ఈ చింత మనకు క్రొత్తగా వచ్చినది కాదనియు, వేయేండ్లుగా మన పూర్వులు దీనికి పలువిధములైన ఉపాయములు వెదకుకొనుచు వచ్చిరనియు శాసనములు చదివినవారికి తెలియును. ఆ ఉపాయములలో కొన్ని ఘనమైనవి. కొన్ని లోపము గలవి. కొన్నిటిని తలచుకొన్న నేటికిని మనస్సు చివుక్కుమనును. వానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

విద్యను విక్రయింపరాదని మన శాస్త్రములు చెప్పినవి. శిష్యునితో ముందుగా వెల మాటలాడుకొని పాఠము చెప్పుట నింద్యమని పెద్దలెంచిరి. ఇది విని, ఆ కాలమున చదువునకు ఖర్చే లేదని కొందరు తలంతురు. అది సరికాదు. పాఠమునకు వెల లేకపోయినను పాఠము వినువానికి ఆకలి కలదు. దూరదేశము నుండి వచ్చినవానికి తల దాచుకొన చోటు కావలెను. రాత్రి వల్లె వేసికొనుటకు దీపములో నూనె కావలెను. పాఠము చెప్పువానికిని ఆలుబిడ్డలు కలరు. ఈ వ్యయమంతయు ఎవరో యొకరు భరింపవలసినదే. ఎవరు భరించిరో రాతిమీద చెక్కి మన పూర్వులు మనకు తెలియజేసిరి.

కన్నడ దేశమున బిజాపురము ప్రాంతమందు సాలోటిగి యను గ్రామము కలదు. అచ్చట 945వ సంవత్సరపు శాసనమొకటి దొరకినది. రాష్ట్రకూట ప్రభువైన మూడవ కృష్ణుని మంత్రి, నారాయణుడనువాడు, ఆ యూర విద్యాశాల కట్టించెను. నానా జనపదముల నుండి విద్యార్థులు వచ్చి చేరిరి. వారి నివాసమునకు 27 ఇండ్లును, పోషణమునకు 500 నివర్తనముల భూమియు, దీపములకు వేరుగా 12 నివర్తనములును ఏర్పడినవి. దీపమునకు వేరు మాన్యము! రాత్రి చదువు ఎంత ముఖ్యమో ఎరిగినవాడే యీ యేర్పాటు చేయగలడు. ఆ శాసనమున ఇంతకంటె విశేషమైన మాట వేరొకటి కలదు. గ్రామమున పెండ్లి జరిగినచో 5 నాణెములు, వడుగు జరిగినచో రెండున్నర, పుట్టువెండ్రుకలు తీయించినచో ఒకటింబాతిక చొప్పున గృహస్థులు ఆ విద్యాశాలకు చెల్లింపవలెనని ఊరివారు కట్టుబాటు చేసికొనిరి. రాజు ఇచ్చిన మాన్యము రాజుతో పోవచ్చును. పెండ్లిండ్లు ఆగవు కదా! ఊరిలో శుభకార్యము జరిగినప్పుడెల్ల పొరుగుదేశపు పిల్లవాని చదువునకు పైకము చేరుచుండెను. ఆ కట్టుబాటు చేసిన గ్రామవృద్ధుల పేర్లు నాకు తెలియవు గాని, వారి లౌక్యమునకు నమస్కరింపక తప్పదు.

తమిళదేశమున ఎణ్ణాయిరమను చోట మొదటి రాజేంద్రచోళుని కాలమున 14 గురు ఉపాధ్యాయులు, 340 మంది విద్యార్థులు గల గొప్ప విద్యాస్థానముండెను. ఎవరెవరికి దినమునకెంత ధాన్యము కొలువవలెనో కూడ అచ్చటి శాసనము నిర్ణయించినది. దానిని గూర్చి వివరింప వ్యవధి లేదు. మన తెలుగునాటి సంగతికి వత్తము.

గుంటూరు సీమలో కృష్ణకు దక్షిణపు గట్టున మల్కాపురమను చిన్న గ్రామము కలదు. అచ్చట కాకతీయుల నాటి శిలాస్తంభమున 1261వ సంవత్సరపు శాసనమున్నది. గణపతిదేవ చక్రవర్తికి శైవదీక్ష యొసగిన గురువు విశ్వేశ్వర శివాచార్యులు. ఆయన గౌడదేశమున, అనగా నేటి వంగదేశమున, పుట్టి గోళకీమఠ సంప్రదాయమున పెరిగి తెలుగు రాజులకు గురువైనవాడు. గణపతిదేవుడు ఆయనకు మందరమను గ్రామము నీయదలచెను. ఆయన కుమార్తె రుద్రమదేవి దానితోపాటు వెలంగపూడిని కూడ ధారపోసెను. ఆచార్యుడు ఆ దానమును తన మఠమునకు మాత్రమే ఉంచుకొనలేదు. క్రొత్తగా గ్రామమొకటి నిర్మించి, అరువది బ్రాహ్మణ కుటుంబములకు భూములిచ్చి, తక్కిన భూమిని మూడు భాగములు చేసెను. ఒకటి దేవునికి. ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును. మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు. వేదములు మూడింటికి మువ్వురు, వ్యాకరణ మీమాంసా తర్క సాహిత్యాగమములకు ఐదుగురు, వెరసి ఎనమండుగురు అధ్యాపకులు. వైద్యుడొకడు. లెక్కలు వ్రాయుటకు కాయస్థుడొకడు.

ఈ శాసనమును తలచినప్పుడెల్ల నా దృష్టి ఆ కాయస్థుని మీద నిలుచును. ఎనమండుగురు పండితుల నడుమ లెక్కలవానికి భూమి ఏల? పద్దు వ్రాయువాడు లేని ధర్మము రెండు తరములలో మాయమగునని ఆచార్యుడెరుగును. మన యూళ్లలో పెద్దలు వ్రాసిపోయిన ధర్మసత్రములు, చదువు మాన్యములు ఎవరి పొలములలో కలిసిపోయినవో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ మందరమే నేటి మందడమనియు, వెలంగపూడియే నేటి వెలగపూడి యనియు చారిత్రకులు చెప్పుదురు. 2016 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సచివాలయము ఆ వెలగపూడిలోనే యున్నది. రుద్రమదేవి విద్యార్థుల గ్రాసమునకు ఇచ్చిన భూములున్న యూరనే, ఏడున్నర శతాబ్దముల పిమ్మట, పేద విద్యార్థుల వేతనములకు సంబంధించిన ఉత్తరువులు వెలువడుచున్నవి. ఇది ఎవరును తలపెట్టి చేసినది కాదు. అయినను ముచ్చటగా నున్నది.

ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని శాసనము చెప్పుచున్నది. ఇది మన జాతికి గర్వకారణము. కాని అన్నమునకు తెరచిన తలుపు పాఠమునకు తెరువబడలేదు. వేదపాఠము వినుటకు ఎవరు అర్హులో ఆనాటి ధర్మము ముందే నిర్ణయించియుండెను. మన ప్రాచీన విద్యాదానమును పొగడువారు ఈ మాటను చెప్పక దాటవేయుట నేను చాల వేదికలపై వినియున్నాను. పొగడవలసినదానిని పొగడి, లేనిదానిని లేదని చెప్పుటయే చరిత్రకు మర్యాద.

ఇక కుంఫిణీ కాలము. 1822లో చెన్నపురి గవర్నరైన సర్ తామస్ మన్రో, జిల్లాలలో బడులెన్ని, చదువువారెందరు, వారికి ఆధారమేమి యని కలెక్టరులను అడిగెను. రాజమహేంద్రవరము జిల్లా నుండి వచ్చిన లెక్కలో 279 ఉన్నత విద్యాస్థానములు, వానిలో 1,454 మంది విద్యార్థులు కానవచ్చిరి. అవి నేటివంటి కళాశాలలు కావు. పండితుని వీధియరుగే విద్యాస్థానము. వారిలో కొందరికి పూర్వపు జమీందారులిచ్చిన మాన్యములుండెను. కొందరికి ఏమియు లేకున్నను పాఠము చెప్పుచుండిరి. శాస్త్రము పూర్తి చేయగోరిన పేదవాడు దూరదేశములకు పోవునప్పుడు దారిలోని గ్రామస్థుల ధర్మముమీదనే బ్రదుకుచుండెనని గుంటూరు కలెక్టరు వ్రాసిన దానివలన తెలియుచున్నది. తరువాత ఇనాముల విచారణలు వచ్చినవి. మాన్యములపై పన్నులు పడినవి. చదివినవానికి కొలువు కావలెనన్న ఇంగ్లీషు రావలెనను కాలము వచ్చినది. పండితుని అరుగు క్రమముగా బోసిపోయినది.

1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము వెలసెను. దానితో మన సీమకు రెండు క్రొత్త మాటలు వచ్చినవి: ఒకటి పరీక్ష, రెండవది జీతము. జీతమనగా ఉపాధ్యాయునకు ఇచ్చునది కాదు. విద్యార్థి కళాశాలకు నెలనెలా కట్టునది. ఆ కాలపు వాడుక యది. విద్యకు వెల లేదన్న దేశమున విద్యకు వెల యేర్పడినది. జీతముగాక పరీక్షకు వేరు రుసుము; పుస్తకములకు వేరు సొమ్ము; పట్టణమున బసకు, భోజనమునకు వేరు వ్యయము. పల్లెలోని పేద గృహస్థు ఈ నాలుగింటిలో ఒకదానిని భరించుటయే దుర్లభము.

అప్పుడు మన తెలుగువారు తమలో తామే ఒక ఉపాయమును కల్పించుకొనిరి. దానిని ఏ ప్రభుత్వమును శాసింపలేదు, ఏ రాజును రాతిమీద చెక్కింపలేదు. అదియే వారములు చేసికొనుట. మీలో వయసు మీరినవారికి ఈ మాట తెలిసియే యుండును. పట్టణమునకు చదువవచ్చిన పిల్లవాడు ఏడుగురు గృహస్థులను ఆశ్రయించును. ఆదివారము ఒకరియింట, సోమవారము వేరొకరియింట, ఇట్లు వారమునకు ఏడిండ్ల భోజనము. ఏదేని యొక యింట మైల వచ్చిన ఆనాటికి పస్తు. ఇంటివారు ఊరికి పోయిన పస్తు. పండుగనాడు మాత్రము నలుగురు పిలుతురు. ఒక కడుపుతో నాలుగిండ్ల గారెలు తినుటెట్లు? నాకు వ్యాకరణము చెప్పిన గురువులు ఆ వారములు తినియే చదివినవారు. ఏ యింట పెరుగు చిక్కగా నుండునో, ఏ యింటి అమ్మ అడుగకయే మారు వడ్డించునో, ఏ యింట కంచము ముందు కూర్చుండుటయే కష్టముగా నుండునో ఆయన ముదిమిలో కూడ వరుసగా చెప్పుచుండెడివారు. పాణిని సూత్రము ఒకటి మరచినను మరచిరి గాని, ఆ యిండ్ల వరుసను మరువలేదు.

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి కథ మీరెరుగుదురు. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిన ఆయనకు పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. ఆ కాలమున ఒక కుటుంబమువారికి అది గౌరవమైన వృత్తిగా ఎన్నబడలేదు. ఆమె లెక్కచేయలేదు. ప్రకాశముగారును వారములు తినిరి. ఉపాధ్యాయులైన ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు ఆయనను చేరదీసి రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించిరి. 1946లో చెన్నరాష్ట్రమునకు ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియు అయిన పురుషుని చదువునకు మూలధనము పూటకూళ్ల యింటి పొయ్యియు, ఒక పంతులుగారి మంచితనమును.

మరియొక సంగతి. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు తత్త్వశాస్త్రమును ఏల యెన్నుకొనెనో వినుడు. ఆయన తండ్రి స్వల్పాదాయము గల చిన్న ఉద్యోగి. కొడుకు విద్యార్థి వేతనములమీదనే చదువవలసి వచ్చెను. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదువు ముగించిన బంధువొకడు తన తత్త్వశాస్త్ర గ్రంథములను ఆయనకిచ్చెను. పుస్తకములు కొనుటకు ధనము లేనివాడు, ఉన్న పుస్తకముల శాస్త్రమునే చదివెను. ఆ శాస్త్రమే ఆయనను 1962లో రాష్ట్రపతి పదవి వరకు తోడుకొనిపోయెను.

వారముల పద్ధతిని పొగడితిని గాని దాని లోపమును కూడ చెప్పవలెను. ఆ భోజనము సామాన్యముగా బ్రాహ్మణ బాలురకే లభించుచుండెను. తక్కిన కులముల పిల్లవాడు ఏ యింటి పంక్తిలో కూర్చుండగలడు? అంటరానివారని దూరముంచబడిన వారి పిల్లవాడు ఏ వీధిలోనికి రాగలడు? ఇక ఆడుపిల్ల ఏడిండ్లు తిరిగి అన్నము తిని చదువుకొనుట ఊహకే రాదు. ఈ లోటు తీర్చుటకే తరువాత వసతిగృహములు పుట్టినవి. హైదరాబాదున 1918లో రాజా బహదూరు వెంకటరామారెడ్డిగారు స్థాపించిన రెడ్డి హాస్టలు వానిలో ప్రసిద్ధమైనది. తెలంగాణపు పల్లెల నుండి వచ్చిన తెలుగు పిల్లలకు రాజధానిలో అది నీడయైనది. కాకినాడలో పిఠాపురము మహారాజుగారి కళాశాలకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు తమ జీతములో పెద్ద భాగము పేద విద్యార్థులకే వెచ్చించుచుండిరి. మహారాజుగారు హరిజన విద్యార్థులకు వసతి కల్పించిరి. జయపురము ప్రభువు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు సాలునకు లక్ష రూపాయల చొప్పున శాశ్వతముగా నిచ్చుటకు వాగ్దానము చేసిరి. ఆయన స్వయముగా తెలుగు కవి యగుటచే పండితులకు మరింత ఆప్తుడు.

సీమకు పోయి చదువుటకు మాత్రము ఏడిండ్ల అన్నము చాలదు. 1895లో హైదరాబాదు నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాను సాలునకు 300 పౌనుల వేతనమిచ్చి ఒక పదునారేండ్ల బాలికను ఇంగ్లాండునకు పంపెను. ఆమెయే సరోజినీదేవి. 1902లో చిత్తూరు చెంతనున్న కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ వేతనమున కేంబ్రిడ్జి చేరిరి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు నెలకు 11½ పౌనుల చొప్పున మూడేండ్లు వేతనమిచ్చి భీమరావు అంబేద్కరును అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. ఆ వేతనమునకు ఒక షరతు కలదు: చదువు ముగించి వచ్చి పదియేండ్లు బరోడా సంస్థానమున కొలువు చేయవలెను. అంబేద్కరు మాట తప్పక 1917లో వచ్చి కొలువున చేరెను. రాజు వేతనమిచ్చి విద్వాంసుని చేసెను గాని, ఆ విద్వాంసునకు బరోడా పట్టణమున అద్దెకు ఇల్లిచ్చువాడు లేకపోయెను. పారసీకుల వసతిగృహమున దాగియుండి, అచ్చటి నుండి గెంటివేయబడి, కొలువు విడిచి బొంబాయి చేరవలసివచ్చెను. ధనమొక్కటే చదువునకు అడ్డు కాదని దీనివలన తెలియును.

దానము వేరు, ఋణము వేరు. చదువునకు ఋణమిచ్చు పద్ధతిని మన దేశమున మొదట చక్కగా నెలకొల్పినవాడు జంషెట్జీ తాతా. 1892లో ఆయన యొక మూలధనమును ఏర్పరచి, పరదేశమున చదువగోరువారికి ధర్మముగా గాక బదులుగా నిచ్చునట్లు చేసెను. చదివినవాడు ఆర్జించి తిరిగి చెల్లింపగా ఆ సొమ్ము మరియొకనికి పోవును. చెరువు నీరు వంటిది కాదు, కాలువ నీరు వంటిది. కేరళమున కడుపేద యింట పుట్టిన కె. ఆర్. నారాయణను 1945లో ఆ తాతా సహాయముతోనే లండను పోయి చదివి, 1997లో మన రాష్ట్రపతి యయ్యెను.

తెలుగువారి కథ యొకటి చెప్పనిదే ఈ ప్రసంగము నాకు సంతృప్తిగా నుండదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపురిలో వైద్యము చదివిరి. పై చదువునకు అమెరికా పోగోరిరి. చేత కాసు లేదు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి యొకటి కలదు. ఆ నాయకరుగారు రంగూనులో ఓడరేవు పనులవలన ధనమార్జించి, దానిని స్వదేశమున పిల్లల చదువునకు వ్రాసిపోయిన పుణ్యాత్ముడు. ఆ ధర్మనిధి సాయము కొంత, పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సొమ్ము కొంత. ఈ రెండింటితో 1922లో సుబ్బారావుగారు బోస్టను చేరిరి. చేరిన పిదపను ఖర్చులకు చాలక, ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు మోయు పని చేసికొనుచు పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. ఆయన మరల ఇంటికి రాలేదు. భార్య ఇచ్చటనే యుండిపోయెను. 1948లో ఆయన అచ్చటనే గతించెను. ఆయన పర్యవేక్షణమున వెలువడిన మందులలో ఒకటి బోదకాలు రోగమునకు వాడు డీ.ఈ.సీ. మాత్ర. గోదావరి, కృష్ణా, విశాఖ సీమలలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, తమ యెదుటనే మ్రింగుమని ఇచ్చు బోదకాలు మాత్ర మీరందరు ఎరుగుదురు కదా. అది కాకినాడ ధర్మనిధి రూపాయల ఫలమనియు, రంగూను రేవున చెమటోడ్చిన ఒక తెలుగువాని కష్టార్జితమనియు మనలో ఎందరికి తెలియును?

మామగారి సొమ్మను మాట దొర్లినది గనుక దానిని గూర్చి రెండు మాటలు. సుబ్బారావుగారి మామగారు అల్లుని ప్రయోజకత్వమును చూచి యిచ్చిరి. కాని ఆ కాలము నుండి మన కోస్తా జిల్లాలలో అదియే వాడుకగా మారినది. పిల్లవాడు ఎఫ్.ఏ. లోనో, బి.ఏ. లోనో ఉండగనే సంబంధము కుదుర్చుకొని, చదువు ఖర్చు ఆడపిల్లవారి నెత్తిన వేయుట మర్యాదయైనది. పట్టమునకొక ధర, ప్లీడరు పరీక్షకొక ధర, సీమ చదువునకు వేరొక ధర. గత నూరేండ్లలో తెలుగునాట పై చదువులకు అన్ని ధర్మనిధులును కలిసి ఇచ్చినదానికంటె మామలిచ్చినదే యెక్కువయని నా యభిప్రాయము. దానిని ఎవరును సహాయమని పిలువలేదు; కట్నమనిరి. ఒక యింటి కొడుకును చదివించుటకు వేరొక యింటి కూతురు చదువు మాని, ఆ యింటి పొలము అమ్ముడుపోయినది. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినను వాడుక పోలేదు. అక్షరములు నేర్పిన పంతులుగా నాకిది మ్రింగుడు పడని సంగతి.

ప్రభుత్వము వేతనమిచ్చుట రాజుగారి దయగాక విద్యార్థి హక్కగుట ఎప్పుడు మొదలైనది? 1942లో వైస్రాయి సభలో సభ్యుడైన అంబేద్కరు అణగారిన జాతుల చదువును గూర్చి ప్రభుత్వమునకు విజ్ఞాపన సమర్పించెను. తత్ఫలితముగా సాలునకు మూడు లక్షల రూపాయలు కేటాయింపబడి, 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువులకు ఉపకార వేతనములు ఆరంభమైనవి. బరోడాలో ఇల్లు దొరకని విద్యార్థియే అడిగి సాధించిన వేతనమది. తరువాత గిరిజనులకు, ఇతర వెనుకబడిన తరగతులకు విస్తరించినది. నేటికిని నడచుచున్నది. తెలుగునాట 2008 నుండి బోధనా రుసుమును ప్రభుత్వమే కళాశాలలకు చెల్లించు పథకము తోడైనది. ప్రభుత్వములు మారినకొలది పేరు మారినను, రెండు రాష్ట్రములందు పథకము నిలిచినది. పల్లెలలోని కూలివాని కొడుకు ఇంజనీరగుట దీనివలననే సాధ్యమైనది. కాని సొమ్ము సకాలమున రాని సంవత్సరములు కలవు. అట్టి వేళల కొన్ని కళాశాలలు విద్యార్థుల ధ్రువపత్రములను పట్టియుంచుటయు కలదు. మల్కాపురపు కాయస్థుడు మరల జ్ఞప్తికి వచ్చును.

ఈ సంగతులు తెలియక జరుగు నష్టము చిన్నది కాదు. మా ప్రక్కయూరి రైతొకడు కూతురికి నర్సింగు కళాశాలలో చోటు రాగానే ఎకరము పొలమునకు బేరమాడి బయానా పుచ్చుకొని, ఆ తరువాత నా యొద్దకు వచ్చెను. ఆ పిల్లకు ప్రభుత్వ వేతనమునకు అర్హత కలదు. ఆదాయ ధ్రువపత్రము కొరకు ఒక కార్యాలయము చుట్టు మూడు వారములు తిరుగునప్పటికి దరఖాస్తు గడువు దాటిపోయెను. పొలము పోయినది. పిల్ల చదువుచున్నది. తండ్రి ఆ పొలమునే కౌలునకు చేయుచున్నాడు. కుల, ఆదాయ ధ్రువపత్రములును, ఆధారు సంఖ్యతో ముడిపడిన బాంకి ఖాతాయు ఫలితములు రాకమునుపే సిద్ధము చేసికొనుట మంచిదని నేనప్పటి నుండి అందరికిని చెప్పుచున్నాను.

వేతనము చాలనిచోట మిగిలినది బాంకి ఋణము. 2001లో బాంకుల సంఘమువారు దీనికి ఒక నమూనా పథకమును ఏర్పరచిరి. దాని మర్మము వడ్డీలో నున్నది గనుక లెక్క వేసి చూపెదను. నాలుగేండ్ల చదువునకు ఏటేట ఆరంభమున లక్ష చొప్పున నాలుగు లక్షలు పుచ్చుకొంటిమనుకొనుడు. వడ్డీ నూటికి సాలునకు పది. చదువు కాలమును, పిమ్మట ఒక యేడును కంతులు కట్టనక్కరలేదు. కట్టనక్కరలేదన్న మాట విని వడ్డీయే లేదని చాలమంది తలంతురు. మొదటి లక్షకు ఐదేండ్లు, రెండవ లక్షకు నాలుగేండ్లు, మూడవదానికి మూడు, నాలుగవదానికి రెండు. వెరసి పదునాలుగేండ్ల వడ్డీ, అనగా సాధారణ వడ్డీ లెక్కన లక్షా నలువదివేల రూపాయలు. కంతులు మొదలగునాటికి అప్పు ఐదు లక్షల నలువదివేలు. తండ్రి నెలనెలా ఆ వడ్డీ మాత్రము కట్టుచు వచ్చినచో అప్పు నాలుగు లక్షలుగానే నిలుచును. సాలుకు నాలుగున్నర లక్షలకు మించని ఆదాయము గల కుటుంబముల పిల్లలకు, వృత్తివిద్యల విషయమున, ఆ లక్షా నలువదివేలను ప్రభుత్వమే భరించు పథకము 2009లో వచ్చినది. దానిని అడిగి పుచ్చుకొనవలెను, అడుగనివానికి రాదు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము విద్యాలక్ష్మి యను పథకమును ఆమోదించినది. దానివలన పేరుపొందిన విద్యాసంస్థలలో చోటు పొందినవారికి తాకట్టు గాని, మూడవవాని హామీ గాని లేకయే ఋణమీయవలెను. ఎనిమిది లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు, పది లక్షల వరకు ఋణముపై, చదువు కాలమున నూటికి మూడు వంతున వడ్డీ తగ్గింపును కలదు.

గ్రామవృద్ధులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి మిగిలినది. పొరుగువాని బిడ్డ ఋణమునకు మేము హామీ సంతకము చేయవలెనా యని. పాత పద్ధతిలో నాలుగు లక్షలు దాటినచో మూడవవాని హామీ అడుగుచుండిరి. ఏడున్నర లక్షలు దాటినచో ఆస్తి తాకట్టు. 2015లో ఋణములకు ప్రభుత్వ పూచీనిధి యేర్పడినది. దాని క్రిందికి వచ్చు ఋణములకు ఏడున్నర లక్షల వరకు తాకట్టు గాని, ఇతరుని హామీ గాని అడుగరాదు. తండ్రియో తల్లియో విద్యార్థితో కలిసి సంతకము చేసిన చాలును. ఆ మొత్తమునకు లోబడిన ఋణమునకు ఎవరైనను మీ పొలము కాగితములు తెమ్మన్నచో, ఏ నిబంధన క్రింద అడుగుచున్నారో వ్రాతమూలకముగా నిమ్మని కోరుడు.